గైడు ప్రకారం సహజం

రోహిణి కార్తె, మొదలు

పైన నేల మీద యాభై ఆరు డిగ్రీలని పొద్దున గనిలో సైరన్ మోగింది. ఇక చిత్త కార్తె దాకా పగటిపూట ఎవరినీ లిఫ్టు ఎక్కనివ్వరు. అమ్మా నేనూ కర్రతో పైకప్పు కొట్టి చూసుకుంటూ గది చివరిదాకా వెళ్లాం. పెళ్ల ఊడిపడేలా ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు. ఆ తర్వాతే అమ్మ హీటరు మీద అంబలి పెట్టింది.

వైద్య కళాశాల ప్రవేశ పరీక్షకు చదువుకునే సామాను ఈరోజు ఇచ్చారు. మా గనికి ఒక్కటే సీటు. రాసేది ఇద్దరం, నేనూ వనజా. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. మూడేళ్ల కింద డాక్టరమ్మ పోయినప్పటి నుంచి గనిలో డాక్టరు లేరు. ఇద్దరిలో ఎవరు వెళ్లినా చదివి తిరిగి ఇక్కడికే రావాలి.

మాకు పాఠాలు చెప్పే ప్రతాప్ సార్ ఇద్దరికీ కలిపి తెర ఉన్న పలక ఒకటి ఇచ్చారు. అందులో 'గని గైడు' ఉంది. పరీక్ష పెట్టే మండలి వాళ్లే తయారు చేశారు. "ప్రశ్నలన్నీ ఇందులోంచే వస్తాయి. ఇదొక్కటి నమిలి మింగితే చాలు," అన్నారు సార్. రోజు విడిచి రోజు పంచుకోమన్నారు.

మరి పలక లేని రోజు ఏం చదవాలి? అదే అడిగాను. సార్ వెనక అల్మారా తెరిచారు. మనుషులు గనుల్లోకి దిగకముందు అచ్చేసిన కాగితం పుస్తకాలు. చెమ్మకు ఉబ్బిపోయి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"కావాలంటే తీసుకో. కానీ అవి ఎండలో తిరిగిన మనుషుల ఒళ్లు చూసి రాసినవి. మన ఒళ్లు వేరమ్మా."

ఈ ఏడు మా గనికి ప్రాక్టికల్‌గా పడ్డ అంశం గర్భం. అందుకని కాన్పుల మీద ఉన్న లావు పుస్తకం ఒకటి తీసుకున్నాను. అట్ట లేదు, రాసినవాళ్ల పేరు లేదు. వనజ ముక్కు మూసుకుంది. "దానికంటె పుట్టగొడుగులు నయమే. వాసనొచ్చినా తినొచ్చు," అన్నది.

మృగశిర

పాఠాన్ని ఎంచుకోవాల్సిన వారం. పాఠమంటే మనిషే. ఒక గర్భిణిని ఎంచుకుని పరీక్షదాకా వారం వారం చూస్తూ ఉండాలి. నాడి, బరువు, బీపీ, కడుపు ఎత్తు రాసుకోవాలి. పాఠంగా ఉన్నవాళ్లను ఎండ గదిలో రెండింతలు సేపు కూర్చోనిస్తారు. అక్కడి దీపాల కింద కూర్చోకపోతే మా ఎముకలు నిలబడవు.

ఒకటే నియమం. చూసింది చెప్పకూడదు. మంచైనా చెడైనా, పాఠానికి గానీ ఇంట్లోవాళ్లకు గానీ చెప్పకూడదు. నాలుగేళ్ల కింద పక్క గనిలో ఒక అభ్యర్థి ఎవరికో గుండెజబ్బని చెబితే, ఆయన భయపడి మిట్టమధ్యాహ్నం పైకి వెళ్లి వడదెబ్బకు పోయాడట. గుండె చూస్తే బాగానే ఉందట. అందుకే చెప్పినవాళ్లను పరీక్ష నుంచి తీసేస్తారు.

వనజ రేణుకను ఎంచుకుంది. పుట్టగొడుగుల లెవెల్‌లో పనిచేసే ఇరవయ్యేళ్ల పిల్ల. తొలిచూలు. కూర్చోమంటే కూర్చుంటుంది, చెయ్యి చాపమంటే చాపుతుంది.

నేను లిఫ్టు నడిపే అనసూయ దగ్గరికి వెళ్లాను. అందరూ అనసక్క అంటారు. ముప్పై రెండేళ్లు. ఇంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. భర్త సదయ్య పైన సోలారు పలకల దగ్గర పని. ఎండాకాలం అక్కడే కొట్టాల్లో ఉండిపోతారు.

"ఒక్కదాన్నే ఉంటున్న. వారానికోసారి వచ్చి ముచ్చట పెడతనంటె రా," అన్నది మీట మీద నుంచి చెయ్యి తీయకుండా. "కానీ పిల్లా, నువ్వు డాక్టరయ్యేటాల్లకు నా బిడ్డ బడికి పోతది. అప్పుడు దానికి దగ్గు మందు రాసిద్దువు."

పునర్వసు

నన్ను నేనే తిట్టుకున్న రోజు. అనసక్క నాడి నిమిషానికి యాభై ఎనిమిది. గర్భిణికి ఇంత తక్కువ ఉండకూడదని కాగితం పుస్తకంలో ఉంది. గుండె ఆగిపోతుందేమోనని ఆ రాత్రంతా పుస్తకం తిరగేశాను. మర్నాడు పలక నా చేతికొచ్చింది. గనిలో పుట్టినవాళ్ల నాడి నెమ్మదిగా ఉంటుందని గైడులో ఉంది. అమ్మ నాడి చూశాను, నాది చూసుకున్నాను, నీళ్ల తొట్టి దగ్గర నిలబడ్డ పది మందివి చూశాను. గైడే నిజం.

వనజకు చెబితే పడి పడి నవ్వింది. "చెప్పిన గదనే? అది చచ్చిపోయినోల్ల పుస్తకం. పారేయ్."

పారేయలేదు. పలక లేని రోజు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. కానీ ఆ రోజు నుంచి దాన్ని నమ్మడం మానేశాను.

మఖ

అనసక్కకు ఏడో నెల. కాళ్లకు నీరు పట్టింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గానీ పూడలేదు. బీపీ నూట నలభై రెండు మీద తొంభై రెండు. పోయిన కార్తెలో నూట ఇరవై.

ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

కాగితం పుస్తకం: గర్భంలో బీపీ నూట నలభై మీద తొంభై దాటితే ప్రమాదం. దానికి తోడు తలనొప్పి, ముఖం వాపు, కళ్ల ముందు మెరుపులు వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పంపాలి. ఫిట్స్ రావచ్చు.

గైడు: గనిలో పుట్టిన స్త్రీలకు చివరి నెలల్లో నూట యాభై ఐదు మీద నూట ఐదు వరకు సహజం. కాళ్ల వాపు సహజం.

నాడి విషయంలో ఒకసారి బోర్లాపడ్డాను కదా. గైడుదే నిజమై ఉంటుందని పడుకున్నాను.

పుబ్బ

అన్నం తింటూ అమ్మనడిగాను, అనసక్కకు ముందటి కడుపులు ఎట్ల పోయాయని.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. "మొదటిది మూడో నెలల్నే పోయింది. రెండోది ఏడో నెల. గుర్రపు వాతం పట్టింది బిడ్డా. పండ్లు కరుసుకున్నది, ఒళ్లంత కట్టె లెక్క బిగిసింది. మేము నలుగురం పట్టుకున్నం. అప్పటికి డాక్టరమ్మ మంచంల ఉండె. అనసూయ బతుకుడే గొప్ప."

"అక్కకు తెలుసా?"

"దానికి యాదికి లేదు. బిడ్డ కడుపులనే సచ్చిపోయిందని చెప్పినం. గంతే. మల్ల భయపడతదని ఎవరం ఎత్తలే."

గుర్రపు వాతమంటే ఫిట్సే. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావచ్చని కాగితం పుస్తకంలో ఉంది. గైడులో ఆ మాటే లేదు.

ఉత్తర, మొదలు

ప్రతాప్ సార్ దగ్గరికి వెళ్లాను. ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను. "సార్, గైడులో ఆ బీపీ లెక్క ఎట్ల వచ్చింది?"

"నాలుగు వేల మంది గర్భిణులను చూశారమ్మా. అన్ని గనుల్లో. ఎక్కువ మందికి ఎంత ఉంటే అది సహజమన్నారు."

"ఆ నాలుగు వేల మందికి కాన్పులు ఎట్ల అయినయో కూడా చూసిన్రా సార్? ఎంతమంది బతికిన్రో?"

సార్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"కాన్పులు లెక్కపెట్టేది వేరే విభాగం."

"రెండూ కలిపి చూసినోల్లు లేరా?"

"స్వరూపా, నేను గైడు రాయలేదు. చదివి చెప్తాను. రేపు పరీక్ష కాగితం దిద్దేవాళ్లు కూడా గైడు చూసే దిద్దుతారు." గొంతు తగ్గించి అన్నారు, "నీ పాఠానికి ఏమీ చెప్పలేదు కదా?"

"లేదు సార్."

"చెప్పకు. సీటు పోవడం ఒక్కటే కాదు. ఈ ఎండలో నెలలు నిండిన మనిషి మూడు గంటలు బండిలో పోవాలి పై ఆస్పత్రికి. నీ లెక్క తప్పయితే ఆ పాపం ఎవరిది?"

ఆయన బెదిరించడానికి అనలేదు. ఆయనకూ భయంగానే ఉంది. అది చూశాక నాకు ఇంకా భయం వేసింది.

ఉత్తర, నడుమ

నూట యాభై రెండు మీద నూట రెండు. ముఖం ఉబ్బింది. అనసక్క దాన్ని చూసుకుని మురిసిపోతోంది. "నిండుగ అయిన గదా? అందరు ఆడపిల్లనే అంటున్నరు," అన్నది. వేలికి ఉంగరం బిగిసిపోతే సబ్బు పెట్టి తీసి మెడలో దారానికి కట్టుకుంది.

మోకాలి చిప్ప కింద వేళ్లతో చిన్నగా తట్టాను. కాలు ఎగిరిపడింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అక్క నవ్వింది. ఫిట్స్ వచ్చే ముందు కాలు ఇట్లా ఎగురుతుందని కాగితం పుస్తకంలో ఉంది. నేను నవ్వలేకపోయాను.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదక్కా."

"ఏమన్న ఉంటె చెప్పు. నీ నోట్ల నుంచి ఇన్నొద్దులల్ల ఒక్క మాట రాలె. రాసుకుంట పోతవ్ గంతే. పశువును జూసినట్టు జూస్తవ్."

నేను బీపీ పట్టీ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. దారంతా ఆ మాటే.

ఉత్తర, అదే వారం

చెప్పేశాను.

ఉండబట్టలేక ముందు వనజకు చెప్పాను. అది పలక మీద నుంచి తలెత్తలేదు. "రేణుకకు నూట నలభై ఆరు ఉన్నది. తొంభై ఆరు. సహజమే అని రాసిన. నువ్వు కూడ అదే రాయి."

"అనసక్కకు ఇదివరకు ఫిట్స్ వచ్చినయ్ వనజా."

"అయితే? చెప్తవా? చెప్పు మరి. నువ్వు పరీక్షల లేకుంటె సీటు నాకే గదా." అనేసి నాలుక కరుచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "గట్ల కాదే. నేనెవ్వరికి చెప్ప. ఒట్టు. కానీ నన్ను దీంట్లకు గుంజకు. మా నాయన ఊపిరితిత్తులు ఎట్లున్నయో నీకెరుకే. గనికి డాక్టరు కావాలె. నువ్వో నేనో ఎవరో ఒకరం పాస్ కావాలె."

అక్కడి నుంచి లిఫ్టు గదికి వెళ్లాను. అనసక్క డ్యూటీ దిగి చద్ది తింటోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. బీపీ సంగతి, పుస్తకంలో ఉన్నది, గైడులో ఉన్నది, అమ్మ చెప్పిన గుర్రపు వాతం. ఏదీ దాచలేదు.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అంటె నా బిడ్డ ఊరికెనే సావలేదా?"

"లేదక్కా."

"నాకు మూర్ఛ వచ్చిందని గనంత ఎరుక. నాకు తప్ప."

ఆమె గిన్నె పక్కకు తోసింది.

"ఇప్పుడెందుకు చెప్పినవే? ఎనిమిదో నెలల చెప్తవా? దినాం నీళ్లు తాగినట్టు భయం తాగి బతకాల్నా నేను? నువ్వు డాక్టరమ్మవా? ఎవరివి నువ్వు?" గొంతు పెరిగింది. బయట మనుషులు ఆగి చూస్తున్నారు. "ఇగ నా దగ్గరికి రాకు. నా మీద చెయ్యి పెట్టకు. పో!"

ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో తలపెట్టుకున్నాను. ఎందుకు చెప్పావని అమ్మ అడగలేదు. ఆ రహస్యం దాచింది తను కూడా.

హస్త, పరీక్షకు ముందు రోజు

అనసక్క మండలికి ఫిర్యాదు చేయలేదు. ఈ పది రోజులూ సైరన్ మోగినప్పుడల్లా నా పేరు పిలుస్తారేమోనని చూశాను. పిలవలేదు. చదువుతున్నానే గానీ అక్షరాలు కంటి దగ్గరే ఆగిపోతున్నాయి.

ఈరోజు మధ్యాహ్నం తలుపు దగ్గర నీడ పడింది. అనసక్క. ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడింది. ముఖం ఇంకా ఉబ్బింది.

"లిఫ్టు వేరేటోల్లకు అప్పజెప్పి వచ్చిన," అన్నది. "పచ్చ లైటు ఒక్కటుంటది. నాకు రెండు కనబడ్డయ్. చుట్టు మిణుగురులు. పొద్దటి సంది తల పగిలిపోతున్నది." అమ్మా నేనూ కూర్చోబెట్టాం. "నీ పుస్తకంల ఇంకేం రాసి ఉన్నది? చదువు. అంత చదువు. ఇడిసిపెట్టకు."

చదివాను. కఠినంగా ఉన్నచోట మామూలు మాటల్లో చెప్పాను. మధ్యలో ఆపితే "ఊఁ" అన్నది. బిడ్డ పోవచ్చన్న వాక్యం దాటేయబోయాను. "చదువు," అన్నది.

పట్టీ కట్టాను. నూట అరవై ఎనిమిది మీద నూట పన్నెండు. ఇది గైడు హద్దు కూడా దాటింది. కానీ గైడు ఇక్కడేమంటుందంటే, ఒక రోజు విశ్రాంతి ఇచ్చి మళ్లీ చూడమంటుంది.

"పోత," అన్నది అనసక్క. "పొద్దు గూకంగనే పోత. రెండు సార్లు ఈడనే కూసోని పోగొట్టుకున్న."

"నేనూ వస్తా."

"నువ్వొచ్చి ఏం జేస్తవ్? రేపు నీ పరీక్ష. నువ్వు పాసైతేనే గదా ఇంకొకలకు పనికొస్తవ్."

అమ్మ అప్పటికే మూట కట్టుకుంటోంది. తడిపిన గోనెలు, నీళ్ల డబ్బాలు. "నేను పోత దీనితోని. పోయినసారి పట్టుకున్న, ఈసారి కూడ పట్టుకుంట," అన్నది.

సాయంత్రం ఇద్దరూ లిఫ్టు ఎక్కారు. బండిలో మూడు గంటలు. పొద్దు గూకినా బయట నలభై ఆరుందట.

హస్త, పరీక్ష రోజు

ఎండ గదిలో బల్లలు వేశారు. నాకూ వనజకూ మధ్య తెర కట్టారు. అమ్మ నుంచి కబురు లేదు. ఫోను తీగ పనిచేయడం లేదన్నారు.

ముప్పై ఒకటో ప్రశ్న. గనిలో పుట్టిన స్త్రీ, ఎనిమిదో నెల, బీపీ నూట యాభై మీద వంద. కాళ్లకు వాపు. మీ అభిప్రాయం రాయండి.

ఆ ప్రశ్న ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. జవాబు నాకొచ్చు, వనజకూ వచ్చు. సహజం అని నాలుగు వాక్యాలు రాస్తే అయిపోతుంది. నన్ను పట్టుకున్న ఆలోచన వేరు. గైడు నిజమైతే బాగుండు అనిపించింది. అదే నిజమైతే అనసక్క క్షేమం, రేణుక క్షేమం. నేను మాత్రం ఒక నిండు గర్భిణిని వట్టి పుణ్యానికి ఎండలోకి తోలిన పిచ్చిదాన్ని. అయినా ఫరవాలేదు, నాదే తప్పు కావాలి అని కోరుకున్నాను.

కానీ ఉబ్బిన ముఖం, ఎగిరిపడ్డ కాలు నేను చూశాను. చూశాక ఇంకోలా ఎట్లా రాయను?

"సహజం కాదు. ఇలాంటి మనిషిని వెంటనే ఆస్పత్రికి పంపాలి. గైడులోని హద్దు తప్పని అనుకుంటున్నాను," అని రాశాను. ఎందుకో కూడా రాశాను.

హస్త, రెండు రోజుల తర్వాత

తీగ కలిసింది. అమ్మ గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

"బతికింది బిడ్డా. ఆస్పత్రి వాకిట్లనే బండి దిగుతుంటె పట్టింది మూర్ఛ. లోపటికి ఎత్తుకపోయి సూది ఇచ్చిన్రు. కడుపు కోసి బిడ్డను తీసిన్రు. ఆడపిల్ల. పిడికెడంత ఉన్నది, అద్దాల పెట్టెల పెట్టిన్రు. అనసూయకు ఇయ్యాలనే తెలివొచ్చింది. ఇంకొక గంట ఆలిశమైతె ఇద్దరు దక్కకపోయేటోల్లట."

నేను రిసీవరు పెట్టేసి పరుగెత్తాను. సంతోషంతో కాదు. నూట నలభై ఆరు, తొంభై ఆరు. రేణుక.

ఇన్ని రోజులూ నాకు ఆ అంకెలు తెలుసు. వనజ పాఠం కదా, నా పాఠం కాదు కదా అనుకున్నాను.

వనజకు అమ్మ మాటలన్నీ చెప్పాను. చెప్పులు కూడా వేసుకోకుండా నాతో వచ్చింది. పుట్టగొడుగుల తొట్ల మధ్య రేణుక స్టూలు మీద కూర్చుని కణతలు నొక్కుకుంటోంది. వనజే మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. నాలాగా అన్నీ ఒకేసారి కుమ్మరించలేదు, మెల్లగా చెప్పింది. రేణుక కోప్పడలేదు. "సరే అక్కా, పోదాం. గీ తొట్టి కోసి పోదామా?" అన్నది.

లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఎర్ర లైటు. పైన దుమ్ము తుఫాను. బండ్లు నడవవు, లిఫ్టు తెరవరు.

హస్త, చివర

తుఫాను మూడు రోజులు ఆగలేదు.

రేణుకను మా గదిలోనే ఉంచుకున్నాం. దీపం తగ్గించి, ఎడమ పక్కకు పడుకోబెట్టాం. ప్రతాప్ సార్ మందుల పెట్టె మొత్తం కిందపోసి వెతికారు. పై ఆస్పత్రిలో అనసక్కకు ఇచ్చిన సూది అందులో లేదు. ఎందుకుంటుంది? గైడు ప్రకారం దాని అవసరం రాదు. సార్ ఖాళీ పెట్టెను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

రెండో రోజు మూర్ఛ వచ్చింది. కాగితం పుస్తకంలో ఉన్నట్టే చేశాం. పక్కకు తిప్పి పట్టుకున్నాం, నోరు తుడిచాం, ఊపిరి చూశాం. తగ్గింది. మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చాక తెలివి రాలేదు. రేణుక తల వనజ ఒళ్లో ఉంది. మూడో రోజు పొద్దున ఊపిరి ఆగిపోయింది. లోపల బిడ్డ కదలడం అంతకుముందే ఆగింది.

ఎర్ర లైటు ఆ సాయంత్రం ఆరింది.

స్వాతి

ఫలితాలు. ప్రతాప్ సార్ ఎండ గదిలో అందరి ముందు చదవాలి. ఆనవాయితీ. ఆయన కాగితాన్ని రెండుసార్లు మడిచి విప్పారు. చివరికి వనజ పేరు చదివారు. నాకూ తనకూ తేడా చాలా తక్కువ. ముప్పై ఒకటో ప్రశ్నకు నాకు సున్నా.

జనం చప్పట్లు కొట్టారు. వనజ వాళ్ల నాయన దగ్గుతూనే లేచి నిలబడి కొట్టాడు. వనజ నేల చూస్తూ నడిచి వెళ్లిపోయింది.

నీళ్ల తొట్టి వెనక దొరికింది. పక్కన కూర్చున్నాను.

"నాకు ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చినయ్," అన్నది.

"ఎరుకే."

"రేణుకను కూడ రాసిన ఉదాహరణకు. నా పాఠం క్షేమంగ ఉన్నది అని రాసిన. దిద్దినోల్లు దాని మీద 'బాగుంది' అని రాసిన్రు." ఏడుపు రావడం లేదు దానికి. "నేను పోను. ఆ సీటు నీది. సార్‌కు చెప్పొస్త."

"నువ్వు వద్దంటే నాకు రాదు వనజా. ఇంకో గనికి పోతది. మనకు డాక్టరు రారు. పో. పోయి అక్కడ అడుగు. నాలుగు వేల మందికి కాన్పులు ఎట్ల అయినయో అడుగు. బయటున్న నా మాట ఎవరూ వినరు. లోపల ఉండి నువ్వు అడిగితే..."

"వింటరా?"

"ఏమో."

అబద్ధం చెప్పాలనిపించలేదు. ప్రతాప్ సార్ మండలికి అప్పటికే రాశారు. ఒక్క మరణంతో లెక్కలు మారవు, వచ్చే ఏడు కూడా అదే గైడు అని జవాబొచ్చింది.

వనజ నా భుజం మీద తల పెట్టింది.

విశాఖ

వనజ పోయిన కార్తెలోనే పైకి వెళ్లిపోయింది. అనసక్క తిరిగొచ్చింది. బిడ్డను ఇంకో నెల ఆస్పత్రిలోనే ఉంచాలన్నారు, సదయ్య అక్కడ ఉన్నాడు. అక్కకు కుడికన్ను చూపు మసకగానే ఉంది. లిఫ్టు పని ఇక ఇవ్వరు.

వచ్చిన మర్నాడే మా ఇంటికొచ్చింది. సంజాయిషీలు ఏమీ చెప్పుకోలేదు ఇద్దరం. "పట్టీ తీసుకో, నడువు," అన్నది.

"ఎక్కడికక్కా?"

"నాలుగో లెవెల్ల ముగ్గురున్నరు కడుపుతోని. అయిదో దాంట్ల ఇద్దరు."

"నేను వచ్చే ఏడు మళ్లీ రాయాలి. అభ్యర్థిని. చెప్పకూడదు."

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. అప్పటిదాక నువ్వు ఎవ్వరివి కావు. అభ్యర్థివి కావు, డాక్టరువు కావు. ఎవ్వరు కానోల్లకు నియమమేంది?"

నాలుగో లెవెల్‌లో మొదటి గది. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు ఆ పిల్లకు. అత్త అడ్డంగా నిలబడింది. "పాఠాలు గీటాలు మాకొద్దు," అన్నది. అనసక్క ముందుకొచ్చింది. కొంగు పక్కకు జరిపి పొట్ట మీది కోత చూపించింది. అత్త పక్కకు తప్పుకుంది.

ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని నన్ను చూసింది.

"నువ్వు డాక్టరమ్మవా?"

"కాదు."

"మరి చూసి ఏం జేస్తవ్?"

"చూసింది నీకు చెప్తా. బాగున్నా, బాగలేకున్నా."

వెనక పెట్టుకున్న చెయ్యి చాపింది. పట్టీ కట్టి గాలి కొట్టి వదిలాను. నూట పద్దెనిమిది మీద డెబ్బై ఆరు.

"ఎంతున్నది?" అని అడిగింది.

చెప్పాను.